పాఠం తెరుచుకోవట్లేదా? ముందు తెర మీద ఏముందో చెప్పండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ కోర్సుల గోడే. ‘ఓపెన్ అవట్లేదు మేడమ్, ఏం చెయ్యమంటారు?’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. ఓపెన్ అవకపోవడంలో చాలా రకాలున్నాయండీ. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి, తెల్లటి ఖాళీ పేజీ రావడం ఒకటి, చక్రం గిర్రున తిరుగుతూనే ఉండటం ఇంకొకటి. మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరే. ఒక ట్రైనింగ్ పోర్టల్ హెల్ప్‌డెస్కులో ఏళ్ల తరబడి ఫోన్లు ఎత్తినదాన్ని. తెర మీద ఏం కనిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ల పని మాకు చిటికెలో తెమిలేది. అలా వివరంగా రాసిన ఉత్తరాలనే ఏరి జవాబులిస్తున్నాను.

ప్ర: మా ఆఫీసులో ఏటా పూర్తి చేయాల్సిన కోర్సు ఒకటుంది. ‘లాంచ్’ నొక్కితే ఏమీ జరగదు. హెల్ప్‌డెస్కుకు రాస్తే ‘క్యాచీ క్లియర్ చేయండి’ అన్నారు. చేశాను. అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోయాను గానీ కోర్సు మాత్రం రాలేదు. గడువు ముంచుకొస్తోంది. – ఒక ఉద్యోగిని

జ: క్యాచీ క్లియర్ చేయమనడం చాలాచోట్ల మిమ్మల్ని కాసేపు పంపించేయడానికి చెప్పే మాటండీ. అది పనికొచ్చే సందర్భం ఉంది, కాదనను. కోర్సును కొత్తగా మార్చారు, మీ బ్రౌజర్ మాత్రం దాచుకున్న పాత ఫైళ్లనే (క్యాచీ అంటే ఇవే) చూపిస్తోంది అనుకోండి, అప్పుడు పనిచేస్తుంది. దానికైనా మొత్తం ఊడ్చేయక్కర్లేదు. ఆ పేజీలో ఉండి కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కితే ఫైళ్లన్నీ సర్వర్ నుంచి తాజాగా వస్తాయి. అదీ చాలకపోతే, అడ్రస్ బార్‌లో సైటు పేరుకు ఎడమ పక్కనుండే చిన్న గుర్తు నొక్కి సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఒక్క సైటు డేటానే తీసేయండి. మిగతా సైట్ల జోలికి పోవద్దు.

మీరు చెప్పిన లక్షణానికీ క్యాచీకీ చుట్టరికం తక్కువ. నొక్కితే ఏమీ జరగలేదంటే ముందు పాపప్‌ను అనుమానించాలి. చాలా పోర్టళ్లు కోర్సును వేరే విండోలో తెరుస్తాయి. మీరు బటన్ నొక్కగానే విండో తెరుచుకుంటే బ్రౌజర్ ఊరుకుంటుంది. పోర్టల్ ముందు సర్వర్‌తో మాట్లాడి, ఆలస్యంగా విండో తెరవబోతే, ఇది మీరు అడిగింది కాదు, ప్రకటన కాబోలనుకుని అడ్డుకుంటుంది. అడ్డుకున్నట్టు గట్టిగా చెప్పదు కూడా. అడ్రస్ బార్‌కు కుడి చివర చిన్న గుర్తొకటి పెట్టి ఊరుకుంటుంది. దాన్ని నొక్కి ‘ఈ సైటుకు ఎప్పుడూ అనుమతించు’ అన్నదాన్ని ఎంచుకుని, మళ్లీ లాంచ్ చేయండి. అన్నట్టు, రెండు మానిటర్లు వాడే ఆఫీసుల నుంచి నాకొచ్చిన ఫోన్లలో కొన్నిట్లో కోర్సు విండో రెండో తెర మీద మెయిల్ వెనక హాయిగా తెరుచుకునే ఉండేది. అదీ ఒకసారి చూసుకోండి.

పాపప్ గొడవ కాదని తేలితే ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో లాగిన్ అయి చూడండి. అందులో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) మనం అనుమతిస్తే తప్ప పనిచేయవు, పాత కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చీటీలు) ఉండవు. అక్కడ తెరుచుకుందంటే దోషం మీ బ్రౌజర్‌లో పెట్టుకున్న దేనిదో. యాడ్‌బ్లాకర్‌తో మొదలుపెట్టి ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి చూడండి. ఫైలు అడ్రసులో ‘ట్రాకింగ్’, ‘యాడ్స్’ లాంటి ముక్కలు కనిపిస్తే చాలు, యాడ్‌బ్లాకర్లు ఆపేస్తుంటాయి. మీరు ఎన్ని స్లైడ్లు చూశారో లెక్క పెట్టే ఫైలుకు కూడా ట్రాకింగ్ అనే పేరుండొచ్చు కదా! ఇక్కడొక తిరకాసుంది. ఇన్‌కాగ్నిటోలో క్రోమ్ వేరే సైట్ల కుకీలను మామూలుగానే ఆపుతుంది. అందుకని కొన్ని కోర్సులు బయట పనిచేసి, అందులో మాత్రమే మొరాయిస్తాయి. ఇన్‌కాగ్నిటోలో రాలేదన్నంత మాత్రాన నిరాశపడొద్దు.

తర్వాత నెట్‌వర్క్ మార్చి చూడాలి. అదే కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. అప్పుడు తెరుచుకుంటే అడ్డు ఆఫీసు ఫైర్‌వాల్ (బయటి సైట్లను వడపోసే కాపలా) దగ్గర ఉంది, మీ దగ్గర లేదు. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసిన ప్రైవేటు దారి) లోపలే పనిచేసే పోర్టళ్లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

ఇంతవరకూ వచ్చాక ఎఫ్12 నొక్కండి, బ్రౌజర్ లోపలి పనిని చూపించే పలక తెరుచుకుంటుంది. భయపడకండి, అక్కడ చూసినందువల్ల ఏదీ పాడవదు. ‘కన్సోల్’ అనే చోట ఎర్ర అక్షరాలు, ‘నెట్‌వర్క్’ అనే చోట ఎర్ర వరసలు ఉన్నాయేమో చూడండి. నెట్‌వర్క్ తెరిచి ఉంచి పేజీని మళ్లీ లోడ్ చేస్తేనే వరసలు వస్తాయి. 404 అని ఉంటే ఆ ఫైలు సర్వర్‌లో ఆ పేరుతో లేదు, మీరు చేయగలిగింది లేదు. 403 అంటే మీకు అనుమతి లేదు. లాగిన్ గడువు తీరినా అలా రావొచ్చు, బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవండి. 500, 502, 504 అంటే సర్వర్ పక్క జబ్బు. ‘బ్లాక్డ్ బై క్లయింట్’ అంటే మీ ఎక్స్‌టెన్షనే దొంగ. ‘మిక్స్‌డ్ కంటెంట్’ అంటే పోర్టల్ హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన అడ్రసులో ఉంది, లోపలి పాఠాన్ని మాత్రం ఎవరో పాత హెచ్‌టీటీపీ లింకుతో తగిలించారు. ఇది కోర్సు పెట్టినవాళ్లు దిద్దుకోవాల్సిన తప్పు. పాఠం ఉండాల్సిన చోట బూడిద రంగు బొమ్మా, ‘రెఫ్యూజ్డ్ టు కనెక్ట్’ అనే మాటా కనిపిస్తే, తనను ఇంకొకరి పేజీలో ఇరికించొద్దని ఆ సైటు చెప్పిందన్నమాట. అదీ మీ చేతిలో లేదు.

ఆ తెరను ఫొటో తీసి హెల్ప్‌డెస్కుకు పంపండి. బ్రౌజర్ పేరు, వెర్షన్, నొక్కిన సమయం నిమిషంతో సహా రాయండి. సర్వర్ రాసుకునే చిట్టాల్లో (లాగ్స్) వాళ్లు వెతికేది సమయాన్ని బట్టే. గడువు దాటినా, ఫలానా రోజున ప్రయత్నించారనడానికి ఆ మెయిలే మీకు సాక్ష్యం.

ప్ర: కోర్సు లింకు ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టారు. ఫోన్లో దాన్ని నొక్కితే లాగిన్ పేజీకే మళ్లీ మళ్లీ తీసుకెళ్తోంది. – ఒక విద్యార్థి

జ: ఆ లింకు మీ బ్రౌజర్‌లో తెరుచుకోవట్లేదు బాబూ, ఫేస్‌బుక్ తన కడుపులో పెట్టుకున్న చిన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది. మీ క్రోమ్‌లో ఉన్న లాగిన్ దానికి తెలియదు, కొత్త విండోలు తెరవడమూ దానికి అంతగా రాదు. పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఓపెన్ ఇన్ బ్రౌజర్’ అనండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చే లింకులకూ ఇదే.

ప్ర: కోర్సు చివరి దాకా చూశాను, క్విజ్ కూడా పాసయ్యాను. పోర్టల్‌లో మాత్రం ‘ఇన్‌కంప్లీట్’ అనే ఉంది. మళ్లీ తెరిస్తే మొదటి స్లైడు! మొత్తం మళ్లీ చేయాలా? – ఒక నర్సు

జ: మీ కోపం నాకు అర్థమైంది. ఇది లోడ్ కాకపోవడం కాదు గానీ దానికి అన్నదమ్ముడే. ఆఫీసు కోర్సుల్లో చాలావరకు స్కార్మ్ అనే పద్ధతిలో తయారవుతాయి. దాన్ని రూపొందించింది అమెరికా రక్షణ శాఖకు చెందిన ఏడీఎల్. ఇప్పటికీ విరివిగా వాడే 1.2 వెర్షన్ 2001 నాటిది. అంటే మీ పాఠానికీ పోర్టల్‌కీ మధ్య నడిచే సంభాషణ పద్ధతి పాతికేళ్ల కిందటి బ్రౌజర్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

పాఠం తెరుచుకోగానే తనున్న విండోలో పోర్టల్ పెట్టిన ‘ఏపీఐ’ అనే వస్తువు ఉందా అని వెతుకుతుంది. అక్కడ లేకపోతే దాని పై విండోలో, ఆపైన దాన్ని తెరిచిన విండోలో – జనంలో తప్పిపోయిన పిల్ల అమ్మను పిలుచుకుంటూ పోయినట్టు వెతుక్కుంటూ పోతుంది. దొరికితే మీ మార్కులు దాని ద్వారానే పోర్టల్‌కు చేరతాయి. మీరు మధ్యలో ఆ అసలు పోర్టల్ ట్యాబ్‌ను మూసేసినా, అందులో ఇంకో పేజీకి వెళ్లినా చాలా పోర్టళ్లలో ఆ దారి తెగిపోతుంది. పాఠం మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. క్విజ్ పెడుతుంది, ‘అభినందనలు’ అంటుంది. మార్కులు గాల్లో కలిసిపోతాయి.

రెండో కారణం, విండోను మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేయడం. చాలా పాత కోర్సులు మార్కుల్ని సరిగ్గా మూసే క్షణంలో పంపేలా రాసినవి. పేజీ మూతపడేటప్పుడు సర్వర్ జవాబు కోసం ఆగే పద్ధతిని క్రోమ్ 2020 ప్రాంతంలో ఆపేసింది. దాంతో అప్పటిదాకా బాగానే పనిచేసిన కోర్సులు ఉన్నట్టుండి లెక్క తప్పడం మొదలుపెట్టాయి. కోర్సు లోపల ‘ఎగ్జిట్’ బటన్ ఉంటే దాన్నే నొక్కండి, పోర్టల్ పేజీ తిరిగి వచ్చేదాకా ఆగండి.

మూడోది మీ తప్పు బొత్తిగా కాదు. ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకోవడానికి స్కార్మ్ 1.2 ఇచ్చే చోటు 4,096 అక్షరాలే. స్కార్మ్ 2004 చివరి కూర్పుల్లో దాన్ని 64,000 చేశారు. కోర్సు పొడుగైపోయి, స్లైడు స్లైడుకీ ఏదో ఒకటి రాసిపెట్టుకుంటూ పోతే ఆ చోటు నిండిపోతుంది. ఆపైన మీరు చూసింది గుర్తుండదు. ప్రతిసారీ ఒకే స్లైడు దగ్గరికి వచ్చి పడుతున్నారంటే ఇదే అయ్యుండొచ్చు. అది కోర్సు తయారుచేసినవాళ్లకు చెప్పాల్సిన మాట.

ఇక, మళ్లీ చేయాలా అంటే – వెంటనే చేయకండి. క్విజ్ పాసైన తెర ఫొటో ఏమైనా ఉంటే అడ్మిన్‌కు పంపి, పూర్తయినట్టు మార్చమని అడగండి. సాధారణంగా ఆ వెసులుబాటు అడ్మిన్లకు ఉంటుంది, అడిగితే గానీ చెప్పరు. మళ్లీ చేయక తప్పకపోతే ఒకే కోర్సును రెండు ట్యాబుల్లో తెరవొద్దు. తర్వాత మూసిన ట్యాబు ముందు మూసినదాని లెక్కను చెరిపేయొచ్చు.

ప్ర: మా బడిలో పాత సైన్సు పాఠాల సీడీలు ఉన్నాయి. యానిమేషన్లు ఎంతో బాగుండేవి. ఇప్పుడు బ్రౌజర్‌లో తెరిస్తే ప్లగిన్ లేదంటోంది. ఫ్లాష్ ప్లేయర్ ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి? – ఒక ఉపాధ్యాయుడు

జ: ఎక్కడా చేసుకోవద్దు మాస్టారూ. ఆ యానిమేషన్లను ఆడించే ఫ్లాష్‌ను ఆపేస్తున్నట్టు దాని యజమాని అడోబీ 2017 జులైలోనే చెప్పింది, 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే పాఠాలు నడపడం మానేసింది. బ్రౌజర్లూ దాన్ని పూర్తిగా తీసేశాయి. ఇవాళ ‘ఫ్లాష్ ప్లేయర్ ఉచితం’ అని ఊరించే సైట్ల నుంచి వచ్చేది చాలావరకు వైరసే.

సీడీలో పేరు చివర డాట్ ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉన్న ఫైళ్లు (ఫ్లాష్ ఫైళ్లు అవే) ఉన్నాయేమో చూడండి. రఫుల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒకటుంది, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గానూ దొరుకుతుంది. అది ఆ ఫైళ్లను అసలు ఫ్లాష్ అవసరం లేకుండానే ఆడిస్తుంది. పాత, సాదా యానిమేషన్లు దాదాపు ఉన్నవున్నట్టే వస్తాయి. యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పెద్ద పాఠాలు కొన్ని తడబడతాయి. సీడీలో డాట్ ఈఎక్స్‌ఈ ఫైలు ఉంటే మీ అదృష్టం. అలాంటి వాటిలో చాలావరకు ప్లేయర్ లోపలే ఉంటుంది, బ్రౌజర్‌తో పని లేదు. ఏదో ఒకలా ఆడినరోజే స్క్రీన్ రికార్డింగ్ చేసి వీడియోగా దాచేసుకోండి. ఆ యానిమేషన్లు గీసినవాళ్ల కష్టం మీ బీరువాలో మిగిలిందేమో, ఎవరు చూడొచ్చారు!

ప్ర: ఐఫోన్‌లో కోర్సు పేజీ వస్తుంది, లోపల పాఠం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. సఫారీ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ – మూడూ చూశాను. – ఒక పాఠకురాలు

జ: మూడు కాదు, మీరు చూసింది ఒకటే. ఐఫోన్‌లో దాదాపు అన్నిచోట్లా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా లోపల ఆపిల్ వారి వెబ్‌కిట్ అనే ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి. అందుకే బ్రౌజర్ మార్చి చూడమనే సలహా కంప్యూటర్‌లో పనికొచ్చినంతగా అక్కడ పనికిరాదు.

మీ పోర్టల్ ఒక అడ్రసులో, పాఠం ఇంకో అడ్రసులో ఉండి ఉంటాయి. లోపలి పాఠం తన కుకీ ద్వారా మిమ్మల్ని గుర్తుపట్టాలి. సఫారీ 2020 మార్చి నుంచి వేరే సైట్ల కుకీలను మొత్తంగా ఆపేస్తోంది. గుర్తుపట్టలేని పాఠం ఖాళీగా కూర్చుంటుంది. క్రోమ్ కూడా ఆ కుకీల్ని తీసేస్తానని ఏళ్లపాటు అని, 2025 ఏప్రిల్ నాటికి ఆ ఆలోచన పూర్తిగా విరమించుకుంది. అందుకే మీ స్నేహితుల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే కోర్సు వస్తుండొచ్చు.

పేజీలో ‘కొత్త విండోలో తెరువు’ అనే లింకు ఉంటే దాన్ని వాడండి. పాఠం సొంత పేజీగా తెరుచుకుంటే కుకీకి అడ్డుండదు. లేకపోతే సఫారీ సెట్టింగ్స్‌లో ‘ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్’ను కోర్సు అయ్యేదాకా ఆపి, అయ్యాక మళ్లీ పెట్టేయండి. పెట్టడం మరిచిపోవద్దు, అది ఉన్నది మీ మేలుకే.

ప్ర: నేను కోర్సులు తయారుచేస్తాను. నా కంప్యూటర్‌లో చక్కగా నడిచే పాఠం పోర్టల్‌లోకి ఎక్కిస్తే సగం బొమ్మలు రావు. ఒకసారైతే ప్యాకేజీనే తీసుకోలేదు. – ఒక కంటెంట్ డెవలపర్

జ: ప్యాకేజీ తీసుకోలేదంటే జిప్ విప్పి చూడండి. ఐఎంఎస్‌మేనిఫెస్ట్ ఫైలు (కోర్సులో ఏమేం ఉన్నాయో పోర్టల్‌కు చెప్పే జాబితా) జిప్‌లో అన్నిటికంటే పై మెట్టులో ఉండాలి. మీరు ఫోల్డర్‌లోని ఫైళ్లను కాకుండా ఫోల్డర్‌నే జిప్ చేసి ఉంటారు. అప్పుడది ఒక మెట్టు కిందికి దిగుతుంది, పోర్టల్‌కు కనిపించదు.

సగం బొమ్మలంటే అక్షరాల గొడవ. విండోస్‌కు పెద్ద ‘ఏ’కూ చిన్న ‘ఏ’కూ ఫైలు పేర్లలో తేడా లేదు. సర్వర్ మామూలుగా లినక్స్, దానికి ఆ రెండూ వేర్వేరు ఫైళ్లు. పేరు చివరి ముక్క (ఫైలు ఎక్స్‌టెన్షన్) జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉన్న ఫొటోను మీరు చిన్న అక్షరాలతో పిలిస్తే మీ దగ్గర వస్తుంది, అక్కడ 404 వస్తుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం ఈ వృత్తిలో తలనొప్పి మాత్ర కన్నా చవక.

సర్వర్ విండోస్‌దైతే ఇంకో చిక్కు. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్ తనకు పరిచయం లేని ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలును అడిగితే, ఫైలు అక్కడే ఉన్నా 404 అనే చెబుతుంది. ఆ రకాన్ని సర్వర్‌కు తెలిసిన ఫైలు రకాల జాబితాలో (మైమ్) చేర్పించాలి. ఇంకొక్క మాట: ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి చూడటాన్ని పరీక్ష అనుకోవద్దు. అలా తెరిచినప్పుడు బ్రౌజర్ నియమాలు వేరు, సర్వర్ నుంచి తెరిచినప్పుడు వేరు. ఒక చిన్న లోకల్ సర్వర్ పెట్టుకుని చూడండి.

ప్ర: తెలుగు పాఠం తెరిస్తే ఏవో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఫాంట్ లేదా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

జ: పిచ్చిలోనూ రకాలున్నాయండీ. వట్టి చదరపు డబ్బాలు వస్తే ఫాంట్ లేదని అర్థం. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, అంతకుముందు ఎక్స్‌పీ నుంచి గౌతమి కంప్యూటర్‌తోనే వస్తున్నాయి కాబట్టి ఇది ఇప్పుడు అరుదు.

నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఏ’, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో – ఇవే పదేపదే వస్తుంటే అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, బ్రౌజర్ చదవడంలో పొరబడుతోంది. యూటీఎఫ్-8 (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి)లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే. అదే ఆ గీత ‘ఏ’గా కనిపిస్తోంది. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని ప్రకటిస్తే పోతుంది. ఆ పని కోర్సువాళ్లది.

అలా కాకుండా రకరకాల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే, ఆ పాఠం యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణం) వాడుకలోకి రాకముందు డీటీపీలో వాడిన ఫాంట్లతో టైపు చేసింది. ఆ ఫాంట్ వేసుకుంటే కనిపిస్తుంది గానీ వెతకడానికీ, ఫోన్లో చదవడానికీ పనికిరాదు. యూనికోడ్‌లోకి మార్చి పెట్టమని అడగండి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు అక్షరం కింద కుదురుకోకుండా పక్కన కూర్చుంటే మాత్రం కోర్సు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కే తెలుగు పేర్చడం రాదన్నమాట.

ప్ర: పాత కంప్యూటర్‌లో ఏ కోర్సు తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటోంది. – ఒక పాఠకుడు

జ: కింద మూలన తేదీ చూడండి. ఏళ్ల కిందటి తేదీ ఉంటే సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలవనట్టు బ్రౌజర్‌కు తోస్తుంది, నమ్మదు. తేదీ దిద్దండి. ఆపేసి పెట్టిన ప్రతిసారీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది సీఆర్2032, అదే రకం వేయించండి. తేదీ సరిగ్గానే ఉండి కూడా అలాగే వస్తుంటే, ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7 అయితే, క్రోమ్ దానికి 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. కోర్సును ఇంకో కంప్యూటర్‌లో చేసుకోవడం మేలు.